ఇల్లు అమ్మేవారు లోపం చెప్పాలా?

నమాజులో ఏదైనా సందేహం వస్తే మనం మస్జిద్ ఇమాము గారిని అడుగుతాం. రోజా చెల్లిందో లేదో, జకాత్ ఎంత తీయాలో, ఖుర్బానీ మాంసం ఎలా పంచాలో తెలుసుకోవడానికి కూడా ఉలమాల దగ్గరికే వెళతాం. ఇల్లు అమ్మేటప్పుడు మాత్రం మన అడుగులు దళారి వైపు, దస్తావేజు లేఖరి వైపు పడతాయి. ఇది దీన్‌కు సంబంధించిన విషయమని మనకు తోచదు. నిజానికి సామాన్య కుటుంబం జీవితంలో చేసే అతిపెద్ద బేరం ఇల్లే. ఒక మనిషి పదిహేనేళ్ళు, ఇరవయ్యేళ్ళు కష్టపడి దాచిన సొమ్మంతా ఒకే ఒక్క రోజున మన చేతికి వస్తుంది. ఆ సొమ్ము హలాలా కాదా అన్న ప్రశ్న తక్కిన అన్ని బేరాలకంటే ఇక్కడే ముందుగా రావాలి.

కరీంనగర్ నుంచి జగిత్యాల వెళ్ళే దారిలో సుమారు 35 కిలోమీటర్ల దూరాన కొండగట్టు ఉంది. కొండమీది ఆంజనేయస్వామి గుడి వల్ల ఆ పేరు రాష్ట్రమంతటా తెలుసు. చుట్టూ ముత్యంపేట, మల్యాల, నాచుపల్లి వంటి ఊళ్ళు. 2007లో నాచుపల్లి దగ్గర ఇంజనీరింగ్ కళాశాల వచ్చింది. 2016 అక్టోబరులో జగిత్యాల జిల్లా ఏర్పడింది. ఈ ప్రాంతంలో గల్ఫ్‌కు పోయినవారు లేని ఊరు అరుదు. దుబాయిలోనో దమ్మాంలోనో ఉన్న మనిషికి ఊళ్ళో ఇల్లు కొనడమే మొదటి ఆశ. ఇల్లు చూసేది బావమరిదో తమ్ముడో. అతను ఫోనులో వీడియో తీసి పంపితే, అక్కడివాడు అది చూసి బయానా పంపుతాడు.

ఈ దారి పక్కనే ఒక ఊళ్ళో 150 గజాల స్థలంలో కట్టిన ఒక స్లాబు ఇల్లు అమ్మకానికి ఉందనుకుందాం. అమ్మేవాడు నమాజీ. అతనికి మూడు సంగతులు తెలుసు. వెనుక గది స్లాబు ప్రతి వానాకాలం కురుస్తుంది. పోయిన నెలలోనే పుట్టీ పెట్టించి రంగు వేయించాడు. మార్చి దాటితే బోరు ఎండిపోతుంది. అప్పటినుంచి వానలు పడేదాకా ట్యాంకరు నీళ్ళే గతి. మూడోది, ఇల్లు తండ్రి నుంచి వచ్చింది. పెళ్ళై మెట్‌పల్లిలో ఉంటున్న చెల్లెలికి అందులో వాటా ఇంకా ఇవ్వలేదు. భార్య ఆపరేషనుకు డబ్బు కావాలి గనుక త్వరగా అమ్మాలి. కొనేవాడి తరఫు మనిషి జనవరిలో వచ్చి చూశాడు. బోరు వేస్తే నీళ్ళు పడ్డాయి. గోడలు తళతళలాడుతున్నాయి. అతను ఏమీ అడగలేదు, ఇతను ఏమీ చెప్పలేదు. ఇతను ఒక్క అబద్ధమైనా ఆడలేదు. మరి ఇందులో తప్పేమిటి?

ఈ ప్రశ్న ఇస్లాంకు ముందునుంచీ ఉన్నదే. క్రీస్తు పూర్వం 44లో రోమను రచయిత సిసిరో మానవుని విధులను గురించి రాసిన గ్రంథంలో సరిగ్గా ఇల్లు అమ్మేవాడినే ఉదాహరణగా తీసుకున్నాడు. ఆ ఇంటి కలప పుచ్చిపోయింది, పడకగదుల్లో పాములు తిరుగుతాయి, అందులో ఉండటం ఆరోగ్యానికి మంచిది కాదు. ఈ సంగతి యజమానికి తప్ప ఎవరికీ తెలియదు. చెప్పకుండా అమ్మవచ్చా? ఇద్దరు గ్రీకు తత్వవేత్తలు దీనిమీద రెండు రకాలుగా వాదించారని సిసిరో వివరిస్తాడు. చెప్పకుండా ఊరుకోవడం వేరు, దాచడం వేరు, కొనమని ఎవరూ బలవంతపెట్టలేదు కదా అని డయోజినీస్ వాదన. దారి తప్పినవాడికి దారి చూపకపోవడం ఎలాంటిదో ఇదీ అలాంటిదే, ఇంకా చెప్పాలంటే తెలిసి తెలిసి మనిషిని తప్పుదారి పట్టించడమే అని అంటిపేటర్ వాదన. సిసిరో రెండోవాడి పక్షం వహించాడు. అయినా ఆ తర్వాత శతాబ్దాల తరబడి పాశ్చాత్య దేశాల వ్యాపార లోకం మొదటివాడి మాటే పట్టుకుని నడిచింది. కొనేవాడే జాగ్రత్తపడాలి అన్నదే వారి సూత్రమైంది.

దైవప్రవక్త (సల్లం) ఈ ప్రశ్నను బజారులో, ఒక ధాన్యపు రాశి దగ్గర పరిష్కరించారు. హజ్రత్ అబూ హురైరా (రజి) ఉల్లేఖనంగా సహీహ్ ముస్లింలో ఉన్న ఆ సంఘటన మన పాఠకుల్లో చాలామందికి తెలిసిందే. ఆయన రాశిలోకి చెయ్యి పెట్టి చూస్తే వేళ్ళకు తడి తగిలింది. ఇదేమిటని అడిగితే వాన పడి తడిసిందని యజమాని జవాబు చెప్పాడు. అలాంటప్పుడు తడిసిన గింజలను జనం చూసేలా పైన ఎందుకు పెట్టలేదని ఆయన నిలదీశారు. మోసగించేవాడికి తనతో సంబంధం లేదని హెచ్చరించారు.

మనం ఈ హదీసును విని తల ఊపి వదిలేస్తాం గాని, ఆ వ్యాపారి చేసినదేమిటో కాస్త ఆగి చూడాలి. వాన అతని తప్పు కాదు. ధాన్యం పొడిగా ఉందని అతను ఎవరితోనూ చెప్పినట్టు అందులో లేదు. తడిసిందా అని ఎవరూ అతన్ని అడగనూ లేదు. అడిగిన వెంటనే నిజమే చెప్పాడు. మన ఇంటి యజమాని చెప్పుకునే సాకులన్నీ ఆ ధాన్యం వ్యాపారికీ ఉన్నాయి. అయినా ఆ పని మోసం కిందికే వచ్చింది. తడి కింద ఉండి, పొడి పైన ఉంటే చాలు. నోటితో అబద్ధం ఆడనక్కరలేదు.

పుట్టీ, రంగు విషయానికి ఇంకా దగ్గరి ఉదాహరణ మరో హదీసులో ఉంది. అరబ్బులు పాడి ఒంటెనూ మేకనూ అమ్మేముందు రెండు మూడు రోజులు పాలు పిండకుండా పొదుగు కట్టేసేవారు. పొదుగు నిండుగా కనిపించేది, కొనేవాడు రోజూ ఇంత ఇస్తుందని అనుకునేవాడు. బుఖారీ, ముస్లిం గ్రంథాలలోని ఉల్లేఖనాల ప్రకారం ఆయన (సల్లం) ఈ పనిని నిషేధించారు. అలా మోసపోయినవాడు పాలు పిండి చూశాక పశువును ఉంచుకోవచ్చు, లేదా తాను వాడుకున్న పాలకు బదులు ఒక సా ఖర్జూరం ఇచ్చి తిరిగి అప్పగించవచ్చు అని హక్కు కల్పించారు. ఇక్కడా ఎవరూ అబద్ధం ఆడలేదు. పొదుగే అబద్ధం ఆడింది.

మన కాలంలో ఇళ్ళకు పొదుగు కట్టే పద్ధతులు ఎన్నో. బేరగాడు వస్తున్నాడంటే రెండు రోజులు బోరు వేయకుండా ఆపుతారు, అతను రాగానే స్విచ్ వేస్తే నీళ్ళు బలంగా పడతాయి. సంపు ఎండిపోతే రాత్రికి రాత్రి ట్యాంకరుతో నింపుతారు. చెమ్మ ఎక్కిన గోడకు ప్లైవుడ్ కొట్టి దాని ముందు బీరువా జరుపుతారు. చెద పట్టిన ద్వారబంధానికి లప్పం పూసి వార్నిష్ వేస్తారు. కురిసే ఇంటిని ఎండాకాలంలో, నీళ్ళులేని ఇంటిని వానాకాలంలో చూపిస్తారు. మోరీ పొంగే వీధిలో ఇంటిని ఉదయం పది గంటలకు చూపిస్తారు, ఎందుకంటే పొంగేది తెల్లవారుజామున. ఇల్లు అమ్మేముందు రంగు వేయించడం తప్పని మేము అనడం లేదు. శుభ్రం చేసి, సున్నం కొట్టి చూపించడం వ్యాపార మర్యాదే. తేడా ఒక్కటే: రంగు ఇంటిని అందంగా చూపడానికి వేశామా, పర్రెను కప్పడానికి వేశామా? ఈ తేడా కొనేవాడికి తెలియదు, తనిఖీ చేసే ఇంజనీరుకు కూడా ఒక్కోసారి తెలియదు. వేయించినవాడికి మాత్రం ఖచ్చితంగా తెలుసు.

హజ్రత్ ఉఖ్బా బిన్ ఆమిర్ (రజి) ద్వారా ఇబ్నె మాజాలో వచ్చిన హదీసు ఈ విధిని సూటిగా చెబుతుంది. లోపమున్న వస్తువును ఆ లోపం వివరించకుండా సోదరునికి అమ్మడం ముస్లింకు ధర్మసమ్మతం కాదు. హజ్రత్ హకీం బిన్ హిజామ్ (రజి) ఉల్లేఖనంలో (బుఖారీ, ముస్లిం) దాని ఫలితం కూడా ఉంది. అమ్మేవాడు, కొనేవాడు ఇద్దరూ నిజం చెప్పి, ఉన్నది వివరిస్తే వారి బేరంలో శుభం ఉంటుంది; దాచి, అబద్ధమాడితే ఆ శుభం తుడిచిపెట్టుకుపోతుంది. ఇక్కడ నిజం చెప్పడంతోపాటు వివరించడం అనే మాట వేరుగా ఉండటం గమనించాలి. అడిగినదానికి నిజం చెప్పడం ఒక బాధ్యత, అడగనిదాన్ని కూడా విప్పి చెప్పడం ఇంకో బాధ్యత.

“చూసుకుని కొనుక్కున్నాడు, ఉన్నది ఉన్నట్టు అమ్మాను, తర్వాత నాకు సంబంధం లేదు” అని కొందరు కాగితం రాయించుకుంటారు. ఈ పద్ధతీ కొత్తది కాదు. ఆ కాలంలో బానిసల క్రయవిక్రయాలు ఉండేవి. హజ్రత్ అబ్దుల్లా బిన్ ఉమర్ (రజి) ఒకతన్ని 800 దిర్హములకు అమ్మారు. తర్వాత బయటపడే లోపాలకు బాధ్యత తనది కాదన్న షరతుతోనే అమ్మారు. కొన్నవాడు వచ్చి, ఇతనికి జబ్బుంది, మీరు నాతో చెప్పలేదు అన్నాడు. తగాదా ఖలీఫా హజ్రత్ ఉస్మాన్ (రజి) ముందుకు వెళ్ళింది. ఆయన షరతు కాగితాన్ని చూసి తీర్పు ఇవ్వలేదు. అమ్మేనాటికి ఆ జబ్బు సంగతి తనకు తెలియదని ప్రమాణం చేయమన్నారు. ఇబ్నె ఉమర్ (రజి) వంటి నిష్ఠాపరుడు తెలిసి దాచారని ఎవరూ అనుకోరు. అయినా ఆయన ప్రమాణానికి సాహసించక, బేరం రద్దు చేసుకుని అతన్ని వెనక్కి తీసుకున్నారు. అతను కోలుకున్నాక 1500 దిర్హములకు అమ్మారని ఇమామ్ మాలిక్ (రహ్మలై) ముఅత్తాలో ఉంది. ఇలాంటి షరతు ఎంతవరకు చెల్లుతుందన్న విషయంలో మజ్‌హబ్‌ల మధ్య భేదాలున్నాయి. హనఫీ ధర్మవేత్తలు దానికి ఎక్కువ చోటిచ్చారు, ఇతరులు తక్కువ ఇచ్చారు. కాని తెలిసిన లోపాన్ని దాచిపెట్టడం పాపం కాదని వారిలో ఎవరూ అనలేదు. షరతు కోర్టులో మనల్ని కాపాడవచ్చు. “నీకు తెలుసా, తెలియదా?” అన్న ప్రశ్న మాత్రం అలాగే నిలిచి ఉంటుంది.

దేశ చట్టం ఇంతకంటే తక్కువ అడుగుతుందని కొందరి భ్రమ. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 55వ సెక్షను చూడండి. ఆస్తిలో గాని, ఆస్తిమీది హక్కులో గాని ముఖ్యమైన లోపం ఉండి, అది అమ్మేవాడికి తెలిసి, కొనేవాడికి తెలియక, మామూలు జాగ్రత్తతో కనిపెట్టలేనిదైతే దాన్ని అమ్మేవాడే వెల్లడించాలి. కొనేవాడు అడిగిన సంబంధిత ప్రశ్నలకు తెలిసినంతవరకు జవాబు చెప్పాలి, కాగితాలు చూపాలి. వెల్లడించకపోవడం మోసం కిందికి వస్తుందని కూడా ఆ సెక్షనే చెబుతుంది. 2016 నాటి స్థిరాస్తి నియంత్రణ చట్టం బిల్డర్ల మీద ఇంకొంత భారం పెట్టింది. ఇల్లు స్వాధీనం చేసిన ఐదేళ్ళలోపు కట్టడంలో లోపం బయటపడితే బిల్డరు తన ఖర్చుతో సరిచేయాలి. సొంత పాత ఇల్లు అమ్ముకునే మనబోటివారికి ఈ రెండో చట్టం వర్తించదు, మొదటిది వర్తిస్తుంది.

అయితే చట్టంలో ‘మామూలు జాగ్రత్త’ అనే మాట ఉంది. చూస్తే తెలిసిపోయే లోపం చెప్పనక్కరలేదు. ఫిఖ్హ్‌లో కూడా కళ్ళకు కనిపించే లోపం చూసి ఒప్పుకున్నవాడికి తిప్పి ఇచ్చే హక్కు ఉండదు. కాని గల్ఫ్ నుంచి వీడియోలో చూసి కొనేవాడి ‘మామూలు జాగ్రత్త’ ఎంత? కరెంటు మీటరు చదవడం రాని ముసలమ్మది ఎంత? కొనేవాడి చూపు ఎంత తక్కువైతే అమ్మేవాడు చెప్పవలసింది అంత ఎక్కువవుతుందని మా అభిప్రాయం.

ఇప్పుడు ఆ చెల్లెలి సంగతి. గోడలోని పర్రె కంటే ఇదే పెద్ద లోపం, దీన్నే మనవాళ్ళు లోపంగా లెక్కపెట్టరు. తల్లిదండ్రులు విడిచి వెళ్ళినదానిలో, అది కొంచెమైనా ఎక్కువైనా, పురుషులకూ స్త్రీలకూ నిర్ణీత వాటా ఉందని దివ్య ఖుర్‌ఆన్ అన్నిసా సూరాలో ఖరారు చేసింది. “పెళ్ళికి ఇచ్చాం కదా” అంటే ఆ వాటా తీరిపోదు. ఆమె మనస్ఫూర్తిగా వదులుకుంటే వేరు. అన్నల మొహమాటానికి ఊరుకోవడం వదులుకోవడం కాదు. ఇల్లు కొనేవాడు సబ్ రిజిస్ట్రారు ఆఫీసులో ఈసీ తీయించుకుంటాడు, అందులో ఏమీ కనిపించదు. ఎందుకంటే ఈసీలో వచ్చేది రిజిస్టరైన దస్తావేజులే, చెల్లెలి వాటా ఎక్కడా రిజిస్టరు కాలేదు. ఆ సంగతి తెలిసింది అన్నకే. అతను చెప్పకుండా అమ్మితే ఒకే బేరంలో ఇద్దరి హక్కు తింటాడు. చెల్లెలి వాటా సొమ్ము తింటాడు, కొన్నవాడి నెత్తిన రేపటి దావా పెడతాడు. ఇంటిలో వాటాదారు ఉన్నప్పుడు అతనికి చెప్పకుండా అమ్మడం తగదని హజ్రత్ జాబిర్ (రజి) ద్వారా సహీహ్ ముస్లింలో వచ్చింది. అంటే వెల్లడి కొనేవాడితో కాదు, ఇంట్లోనే మొదలవుతుంది.

ఇదే వరుసలో చెప్పుకోవలసినవి మరికొన్ని ఉన్నాయి. తీరని బ్యాంకు అప్పు, కోర్టులో నడుస్తున్న కేసు, పక్కింటి గోడ మన హద్దులోకో మన సజ్జ వారి హద్దులోకో వచ్చిన తగాదా, సాదా కాగితం మీద కొన్న స్థలం. ప్రభుత్వం పేదలకు కేటాయించిన అసైన్డ్ భూముల అమ్మకాన్ని 1977 నాటి చట్టం నిషేధించింది. దానిమీద ఇల్లు లేచినంత మాత్రాన భూమి స్వభావం మారదు. వక్ఫ్ భూమి సంగతి మనవారికి వేరుగా చెప్పాలా? అల్లాహ్ పేర వదిలిన నేలను అమ్మడానికి అసలు యజమానే లేడు. లోపం చెప్పి అమ్మితే సరిపోతుందనే మాట అక్కడ వర్తించదు.

కొన్ని లోపాలు ఇంట్లో ఉండవు, ఊళ్ళో ఉంటాయి. 2020 అక్టోబరు 13 రాత్రి హైదరాబాదులో కురిసిన వాన మన పాఠకులకు గుర్తుండే ఉంటుంది. నగర శివారు జల్‌పల్లిలోని ఉస్మాన్ నగర్‌లో బుర్హాన్ ఖాన్ చెరువు నీరు ఇళ్ళలోకి వచ్చి నెలల తరబడి పోలేదు. వచ్చింది వరద అన్నారు గాని, నీటి వైపునుంచి చూస్తే అది తన చోటుకు తాను తిరిగి వచ్చింది. 2024 జూలైలో హైడ్రా సంస్థ ఏర్పడి, చెరువుల పూర్తి నీటిమట్టం హద్దుల్లో కట్టినవాటిని కూల్చడం మొదలుపెట్టింది. అదే ఏడాది సెప్టెంబరులో మాదాపూర్ సున్నం చెరువు దగ్గర కూల్చినప్పుడు కళ్ళముందే గూడు కోల్పోయినవారి మాట ఒక్కటే, ఇది చెరువు భూమి అని మాకెవరూ చెప్పలేదని. కూల్చడం సబబా కాదా అన్న చర్చ వేరు. కాని ఆ స్థలాన్ని మొదట గజాల లెక్కన అమ్మినవాడికి అక్కడ ఒకప్పుడు నీళ్ళు నిలిచేవని తెలియదా? వర్షాకాలంలో అదే గట్టుమీద అతను నడిచి ఉంటాడు.

మన ప్రాంతానికి ఇది దూరపు మాట కాదు. మానేరు మీద మిడ్ మానేరు జలాశయం కట్టినప్పుడు వరదవెల్లి, కొదురుపాక, నీలోజిపల్లి వంటి ఊళ్ళు మునకలోకి వెళ్ళాయి. అలాంటి పెద్ద పనుల కబురు ఊరి పెద్దలకూ ఆఫీసుల చుట్టూ తిరిగేవారికీ ముందు తెలుస్తుంది, దూరాన ఉన్నవారికి చివరన తెలుస్తుంది. కరీంనగర్, జగిత్యాల రోడ్డును నాలుగు వరుసలుగా విస్తరించే మాట ఏళ్ళుగా నడుస్తోంది. రోడ్డు పక్కన ఇల్లున్నవాడి గోడమీద కొలతల గుర్తు పడితే, దానిమీద సున్నం కొట్టి మరునాడే బేరం పెట్టడం ఏ కోవలోకి వస్తుంది? కొలిచారని చెప్పాలి. పోతుందో పోదో తెలియకపోతే తెలియదనే చెప్పాలి. వదంతులన్నీ ఏకరువు పెట్టనక్కరలేదు, తాను చూసింది, తనకు అందిన నోటీసు చెబితే చాలు.

ఇక ఒక చిక్కు ప్రశ్న. ఇంట్లో ఎవరో ఉరివేసుకుని చనిపోయారు. ఊరంతా దాన్ని దయ్యాల కొంప అంటుంది. అమ్మే ముస్లిం సోదరుడు, “నాకు దయ్యాల మీద, అపశకునాల మీద నమ్మకం లేదు, ఇస్లాంలో అపశకునం లేదు, కాబట్టి ఇది లోపమే కాదు, ఎందుకు చెప్పాలి?” అంటాడు. అకీదా మాట నిజమే. కాని లోపం అంటే ఏమిటో హనఫీ ధర్మవేత్తలు కొలత ఇచ్చారు. వ్యాపారుల వాడుకలో ఏది ధరను తగ్గిస్తుందో అదే లోపం. ఆ కొలత అమ్మేవాడి నమ్మకం కాదు, బజారు. ఆ సంగతి తెలిస్తే ధర రెండు లక్షలు తగ్గుతుందని అతనికి తెలుసు. చెప్పకపోవడానికి కారణం అకీదా కాదు, ఆ రెండు లక్షలే. ఇతర దేశాలవారూ ఈ ప్రశ్నతో తలపట్టుకున్నారు. దయ్యాలున్నాయని పేరుపడిన ఇంటిని ఆ సంగతి చెప్పకుండా అమ్మిన కేసులో 1991లో న్యూయార్కు అప్పీలు కోర్టు కొన్నవాడికి బేరం రద్దు చేసుకునే వీలిచ్చింది. అమ్మిన ఆమె అంతకుముందు ఆ దయ్యాల గురించి తానే పత్రికల్లో ప్రచారం చేసుకుంది మరి! కాలిఫోర్నియా చట్టంలో గత మూడేళ్ళలో ఇంట్లో జరిగిన మరణం సంగతి కొనేవారికి తెలియజేయాలన్న గడువు ఉంది. మా దృష్టిలో, మరణం జరిగిందన్నంతవరకు చెప్పి, ఇల్లు ఎవరికీ కీడు చేయదన్న మన విశ్వాసాన్ని కూడా దానితోపాటే చెప్పడం మంచిది. ఎవరు, ఎందుకు, ఇంట్లో ఏ గొడవ జరిగి అన్నది మాత్రం మృతుని రహస్యం, అది ఇంటి లోపంలో భాగం కాదు.

అన్నీ చెప్పాలని లేదు కదా అంటే, నిజమే, లేదు. మనం ఎంతకు కొన్నామో, ఎంత అప్పుల్లో ఉన్నామో, ఎందుకు అమ్ముతున్నామో చెప్పనక్కరలేదు. పక్కింటివారి స్వభావం చెడ్డదైతే? ఒకరి లోపాలు పదిమందిలో చెప్పుకోవడం గీబత్. అయినా సలహా అడిగినవాడికి అవసరమైనంత నిజం చెప్పడానికి ఉలమాలు అనుమతించారు. హజ్రత్ ఫాతిమా బిన్తె ఖైస్ (రజి) తనను పెళ్ళాడగోరిన ఇద్దరి గురించి అడిగినప్పుడు ఆయన (సల్లం) దాచకుండా చెప్పడమే దానికి ఆధారం. పక్కింటివారు నీళ్ళ పైపు కోసం మూడుసార్లు కేసు పెట్టారని చెప్పవచ్చు. వారి కోడలి సంగతులు చెప్పకూడదు.

“హదీసులో సోదరునికి అని ఉంది గనుక కొనేవాడు ముస్లిమైతేనే ఈ బాధ్యత” అనే మాట కూడా అక్కడక్కడ వినబడుతుంది. ఇది విని సిగ్గుపడాలి. తూకంలో దగా చేసేవారిని ఖండించిన అల్ ముతఫ్ఫిఫీన్ సూరాలో ఉన్నది జనులకు తక్కువ ఇచ్చేవారని, ముస్లింలకు తక్కువ ఇచ్చేవారని కాదు. హజ్రత్ షుఐబ్ (అలై) తన జాతివారికి చేసిన బోధ కూడా ప్రజల వస్తువులను తగ్గించి ఇవ్వవద్దనే. కొండగట్టు చుట్టూ మన ఇరుగుపొరుగులో ఎక్కువమంది హిందూ సోదరులే. మన దీన్ గురించి వారు గ్రంథాలు చదివి తెలుసుకోరు, మన ఇల్లు కొని తెలుసుకుంటారు.

దళారుల మాట ఎత్తకుండా ఉండలేం. రెండు వైపులా కమీషను తీసుకుని, ఒకవైపు లోపాన్ని రెండోవైపు దాచడం వృత్తి నేర్పుగా చలామణీ అవుతోంది. ఇంకెవరో ఐదు లక్షలు ఎక్కువకు అడుగుతున్నారని లేని బేరగాణ్ణి పుట్టించడం హదీసులో పేరుపెట్టి నిషేధించిన పనే. ప్రవక్త సహచరుడు హజ్రత్ వాసిలా (రజి) ఒక ఒంటె అమ్మకం జరుగుతుండగా పక్కనే ఉన్నారు. కొన్నవాడు వెళ్ళిపోతుంటే వెంటపడి, ఇది మాంసానికా, ప్రయాణానికా అని అడిగారు. ప్రయాణానికన్నాడు. దాని గిట్టకు లోపం ఉందని, దూరం నడవలేదని చెప్పారు. అమ్మినవాడు, నా బేరం చెడగొట్టావు అని కోపగించుకుంటే, లోపం చెప్పడం అమ్మేవాడికే కాదు, తెలిసిన ప్రతివాడికీ బాధ్యత అన్న ప్రవక్త బోధను ఆయన వినిపించారు. ఆ బేరంలో ఆయనకు కమీషను లేదు.

మళ్ళీ మన యజమాని దగ్గరికి వద్దాం. అతను దుర్మార్గుడు కాదు. భార్య ఆసుపత్రిలో ఉంది. కురిసే స్లాబు సంగతి, బోరు సంగతి చెబితే ధర తగ్గుతుంది. చెల్లెలి వాటా ఇస్తే మిగిలేది ఇంకా తగ్గుతుంది. చెప్పినా నష్టమేమీ ఉండదు, శుభం వల్ల అంతా కలిసొస్తుంది అని తేలికగా రాసెయ్యడం మాకు ఇష్టం లేదు. నష్టం ఉంటుంది, ఈ నెలలోనే, నోట్ల లెక్కలో ఉంటుంది. అయితే ఆ తగ్గిన సొమ్ము ఎవరిది? కురవని ఇంటి ధర అతనికి రావాలంటే కురవని ఇల్లు ఉండాలి. లేని ఇంటి ధరను, దుబాయి ఎండలో కూలి చేసి పంపినవాడి జేబునుంచి తీసి ఆసుపత్రి బిల్లు కట్టడం సాయం అడగడం కూడా కాదు. సాయం కావాలంటే అడగాలి. అడిగే పరిస్థితి రాకుండా చూడవలసింది బంధువులూ మొహల్లా బైతుల్‌మాలూ. అమ్మేవాడు నిజం చెప్పాడని తెలిసిన మస్జిద్ కమిటీ ఆ కుటుంబానికి వడ్డీలేని అప్పు చూపించలేకపోతే, నిజం చెప్పమని అతనికి ఖుత్బాలో ఉపదేశించే నోరు మనకు బలహీనమైపోతుంది.

కొనేవాడు కూడా అతని అవసరం పసిగట్టి గొంతుమీద కూర్చోకూడదు. స్లాబు బాగుచేయడానికి లక్ష అవుతుందని తేలితే లక్ష తగ్గించమనడం న్యాయం. ఆసుపత్రి తొందర చూసి ఐదు లక్షలు తగ్గించమనడం న్యాయం కాదు. హజ్రత్ జరీర్ (రజి) కోసం ఒక గుర్రాన్ని 300 దిర్హములకు బేరం చేస్తే, అది అంతకంటే ఎక్కువ విలువైనదని తానే చెప్పి, ధరను పెంచుకుంటూ పోయి 800 ఇచ్చారు. మనలో అంత ఓపిక ఎవరికుందని నవ్వవచ్చు. కనీసం మూడొందల దగ్గరనైనా ఆగుదాం, రెండొందలకు లాగకుండా.

ఆచరణలో ఒక చిన్న పద్ధతి పాటించవచ్చు. ఆయన (సల్లం) హజ్రత్ అద్దా బిన్ ఖాలిద్ (రజి)తో జరిగిన బేరానికి పత్రం రాయించి, అందులో వస్తువుకు రోగం గాని దాచిన దోషం గాని లేదని చేర్పించారు. అలాగే బయానా తీసుకునే రోజున ఒక తెల్ల కాగితం మీద మన ఇంటి లోపాలు మన చేతితో రాద్దాం. ఎక్కడ కురుస్తుంది, బోరు ఏ నెలదాకా పోస్తుంది, వాటాదారులెవరు, అప్పు ఎంత, తగాదా ఏమిటి. కాలిఫోర్నియాలో 1987 నుంచి ఇళ్ళు అమ్మేవారు ఇలాంటి పత్రమే నింపి ఇస్తున్నారు. ఇద్దరూ సంతకం చేసి చెరొక ప్రతి ఉంచుకుంటే రేపటి తగాదా ఈ రోజే తీరుతుంది. ఇంట్లో ఆడవారిని కూడా అడిగి రాయండి. ఏ మూల చెమ్మ ఎక్కుతుందో, నల్లా ఎన్ని గంటలకు బంద్ అవుతుందో మగవారికంటే వారికే తెలుసు.

ఇప్పటికే దాచి అమ్మేసినవారు ఏం చేయాలి? కొన్నవాడి దగ్గరికి వెళ్ళి చెప్పాలి. పాత లోపం బయటపడినప్పుడు ఇల్లు తిప్పి ఇచ్చి సొమ్ము తీసుకునే హక్కు కొన్నవాడికి ఫిఖ్హ్ ఇచ్చింది. ఇంటిలో అతను కొత్త మార్పులు చేసి ఉంటే, లోపం వల్ల తగ్గిన విలువను లెక్కగట్టి ఇచ్చి సమాధానపడే మార్గం ఉంది. వివరాలు స్థానిక ముఫ్తీ గారిని అడిగి చేసుకోవచ్చు. కొన్నవాడు మరణించి ఉంటే అతని వారసులకు చెల్లించాలి. ఇమామ్ అబూ హనీఫా (రహ్మలై) బట్టల వ్యాపారి. ఒకసారి లోపమున్న వస్త్రాన్ని, లోపం చెప్పి అమ్మమని వ్యాపార భాగస్వామి హఫ్స్‌కు అప్పగించారు. అతను మరచిపోయి చెప్పకుండానే అమ్మేశాడు. కొన్నదెవరో తెలియకపోవడంతో ఇమాము గారు ఆ సరుకు సొమ్మంతా దానం చేసేశారు. ఇల్లు అమ్మినవాడికి మాత్రం కొన్నవాడి జాడ తెలియదనే ఇబ్బంది లేదు. అతని పేరు, తండ్రి పేరు, చిరునామా, వేలిముద్రతో సహా దస్తావేజులోనే ఉంటాయి.